హిజ్కియా పుండు, మన పెద్దల సర్పి

పాఠ్యభాగము: 2 రాజులు 20:1–7
తోడుగా చదువవలసినవి: యెషయా 38:21, యోహాను 9:1–3, గలతీయులకు 6:2
పాఠము ఉద్దేశ్యము: సర్పి అనే రోగమును వెంటనే గుర్తుపట్టుట, మూడు దినములలోపు వైద్యము చేయించుట, దానికి ఉన్న టీకాను గూర్చి తెలిసికొనుట, బాధపడే పెద్దలను సంఘముగా ఆదరించుట.



హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో మంచము పట్టాడు. గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విని అతని ఆయుష్షుకు పదునైదు సంవత్సరములు కలిపాడు. ఈ సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసు. అయితే ఏడవ వచనమును మనము త్వరగా దాటిపోతాము. ప్రార్థనకు జవాబు వచ్చిన తరువాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించాడు. దానిని పుండు మీద వేయించాడు. అప్పుడు రాజు బాగుపడ్డాడు.

దేవుడు మాట ఇచ్చిన తరువాత మందు ఎందుకు అని ప్రవక్త అడగలేదు. మందు ఉన్నది గదా, ప్రార్థన ఎందుకు అని రాజు అడగలేదు. రెండూ ఒకే ఇంటిలో, ఒకే మంచము దగ్గర జరిగినవి. ఈ నెల పాఠములో ఈ సత్యమును మన ఇండ్లలో పెద్దలకు తరచుగా వచ్చే ఒక రోగమునకు అన్వయించుకుందాము.

1. ఈ రోగము పేరు ఏమిటి?

మన తెలుగు ఇండ్లలో దీనిని సర్పి అంటారు. తిరువళ్లూరులోను తిరుత్తణిలోను ఉన్న తమిళులు అక్కి అంటారు. వైద్యుడు చీటీ మీద హెర్పీస్ జోస్టర్ అని వ్రాస్తాడు. జోస్టర్ అనేది గ్రీకు మాట. దానికి నడికట్టు అని అర్థము. నడుముకు సగము కట్టిన నడికట్టువలె పొక్కులు ఒక ప్రక్కనే వరుసగా లేస్తాయి గనుక ఆ పేరు వచ్చింది.

ఈ మూడు పేర్లూ తెలిసియుండుట మనకు అవసరము. మనలో కొందరు నెల్లూరు, చిత్తూరు ప్రాంతముల నుండి పనికొరకు ఇక్కడికి వలస వచ్చారు. తిరుత్తణివారు ఎక్కడికీ కదలలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దే వారిని దాటి వెళ్లింది. అంతకు ముందు చిత్తూరు జిల్లాలో ఉన్న తాలూకా ఆ దినమున మద్రాసు రాష్ట్రములో కలిసింది. ఎలా వచ్చినా, ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ వ్రాసే గది దగ్గర మన అవ్వ "సర్పి" అంటే వినేవారికి అర్థము కాకపోవచ్చు. "అక్కి" అంటే వెంటనే అర్థమవుతుంది. ఈ ఒక్క మాట ఆమెకు నేర్పండి.

మరియొక సంగతి. చీటీ మీద హెర్పీస్ అనే మాట చూచి కొన్ని ఇండ్లలో అనుమానము పుడుతుంది. లైంగికముగా వ్యాపించే ఒక వ్యాధికి కూడ హెర్పీస్ అనే పేరు ఉండుటయే దీనికి కారణము. అది వేరు, ఇది వేరు. రెండు వైరసులూ ఒకే కుటుంబమునకు చెందినవి, అంతే. డెబ్బది ఏండ్ల తండ్రి చీటీ చదివి కుమారుడు తల దించుకొనవలసిన పని లేదు.

2. ఈ రోగము ఎక్కడ నుండి వస్తుంది?

ఇది బయట నుండి కొత్తగా వచ్చేది కాదు. మన లోపలనే చాలాకాలముగా ఉన్నది మేల్కొనుట. చిన్నతనములో మనలో చాలామందికి ఆటలమ్మ పోసింది. కొందరు దానిని అమ్మవారు అంటారు. వేపమండలతో, చలువ పదార్థములతో పది పదునైదు దినములు గడిపి, తల స్నానము చేయించి, పోయింది అనుకున్నాము. పొక్కులు పోయినవి గాని వైరసు పోలేదు. అది నరముల వెంట పోయి, వెన్నెముక ప్రక్కన నరముల వేళ్ల దగ్గరనున్న ముడులలో దాగి నిద్రపోయింది. ముఖమునకు వెళ్లే నరముల ముడిలో కూడ అలాగే దాగియుంటుంది.

శరీరములోని రోగనిరోధక శక్తి కావలివానివలె దానిని నిద్రలోనే ఉంచుతుంది. యాబది ఏండ్లు దాటిన తరువాత ఆ కావలి కొంచెము కొంచెముగా సడలుతుంది. అప్పుడు వైరసు ఒక నరములో మేల్కొని, ఆ నరము వెంట చర్మమునకు వచ్చి పొక్కులుగా లేస్తుంది. ఒక నరము శరీరములో ఒక ప్రక్కకే చెందినది గనుక పొక్కులు సాధారణముగా ఎడమనో కుడినో మాత్రమే ఉండి, నడిమధ్య దగ్గర ఆగిపోతాయి.

ఈ సంగతిని మొదట స్పష్టముగా వాదించినవారిలో ఇంగ్లాండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణపు వైద్యుడు ఎడ్గర్ హోప్ సింప్సన్ ఒకడు. ఆయన పెద్ద పరిశోధనాలయములో పనిచేసినవాడు కాడు. తన దగ్గరకు వచ్చే రోగులను ఏండ్ల తరబడి గమనించి లెక్క వ్రాసుకున్నాడు. ఆటలమ్మ వైరసే లోపల దాగి, ముసలితనములో సర్పిగా లేస్తుందని 1965లో ప్రకటించాడు. తరువాతి పరిశోధనలు ఆయన మాటను స్థిరపరచినవి.

అమెరికాలో వేసిన లెక్క ప్రకారము ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితకాలములో ఒకసారి సర్పి వస్తుంది. ఒకసారి వచ్చినవారికి మరల రాదనే నియమము లేదు.

3. గుర్తులు ఏమిటి?

మొదట నొప్పి, తరువాత పొక్కులు. ఈ వరుస గుర్తుంచుకోండి. ఒక ప్రక్క డొక్కలోనో, వీపులోనో, నుదుటి మీదనో మంట, పోటు, సూదులు గ్రుచ్చినట్లు బాధ మొదలవుతుంది. చర్మము మీద ఏమీ కనబడదు. బట్ట తగిలినా ఓర్వలేరు. ఛాతీలో అయితే గుండెపోటు అనుకుంటారు. నడుములో అయితే మూత్రపిండములో రాయి అనుకుంటారు. ఒకటి మొదలు ఐదు దినములలో ఆ చోటనే ఎర్రని మచ్చలు, వాటిమీద గుంపులుగా నీటి పొక్కులు లేస్తాయి. ఏడు నుండి పది దినములలో అవి ఎండి చెక్కు కడతాయి. రెండు నుండి నాలుగు వారములలో చర్మము మానుతుంది.

అయితే చర్మము మానినంత మాత్రమున రోగము ముగిసిందని చెప్పలేము. సర్పి వచ్చినవారిలో నూటికి పది నుండి పదునెనిమిది మందికి, పొక్కులు పోయిన తరువాత కూడ ఆ నరములో మంట నెలల తరబడి, కొందరికి సంవత్సరముల తరబడి నిలిచిపోతుంది. వయస్సు పెరిగినకొలది ఇది ఎక్కువ. రాత్రి నిద్ర ఉండదు, రవిక వేసికొనలేరు, ఎవరైనా ప్రేమతో భుజము తట్టినా కేక వేస్తారు. పైకి మచ్చ తప్ప ఏమీ కనబడదు గనుక ఇంటివారు నమ్మరు. "అవ్వకు ఊరికే సణుగుడు" అంటారు. ఆమె బాధ నిజమైనది. మామూలు నొప్పి బిళ్లలు దానికి చాలవు. నరముల నొప్పికి ప్రత్యేకముగా గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలీన్ వంటి మందులు ఉన్నవి. వాటిని వైద్యుడే కొలత చూచి ఇవ్వాలి.

కంటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పాలి. నుదుట, కనురెప్ప మీద, ముక్కు కొన మీద పొక్కులు కనబడితే కన్ను ప్రమాదములో ఉన్నదని భావించి ఆ దినమే కంటి వైద్యునికి చూపించాలి. ఆలస్యము చేస్తే చూపు పోవచ్చు. మద్రాసు ఎగ్మూరులో 1819 నుండి ఉన్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి తిరువళ్లూరు నుండి రైలు దూరములోనే ఉన్నది. చెవిలో పొక్కులు లేచి, మూతి ఒక ప్రక్కకు వంగితే అది కూడ ఆలస్యము చేయరాని గుర్తే.

4. మూడు దినముల మాట

హిజ్కియా మూడవ దినమున దేవుని మందిరమునకు ఎక్కిపోతాడని యెషయా చెప్పాడు. ఆ మూడు దినములకు మన రోగముతో సంబంధము ఉన్నదని నేను చెప్పుట లేదు. జ్ఞాపకము ఉంచుకొనుటకు మాత్రము ఆ మాటను వాడుకుందాము. సర్పి పొక్కులు కనబడిన తరువాత మూడు దినములలోపు, అనగా 72 గంటలలోపు, వైరసును అణచే మందు మొదలుపెట్టాలి.

ఆ మందులు ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మొదలైనవి. ఎసైక్లోవిర్ తయారీ వెనుక గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే స్త్రీ శాస్త్రవేత్త కృషి ఉన్నది. ఆమెకు 1988లో నోబెల్ బహుమానము పంచి ఇచ్చారు. పెద్దవారికి సాధారణముగా ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల బిళ్ల దినమునకు ఐదుసార్లు, ఏడు దినములు ఇస్తారు. వాలాసైక్లోవిర్ అయితే దినమునకు మూడుసార్లు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి ఈ కొలత తగ్గించాలి గనుక ఆ సంగతి వైద్యునితో తప్పక చెప్పాలి. దుకాణములో అడిగి కొని మ్రింగేది కాదు. ఈ మందు వలన పొక్కులు త్వరగా ఎండుతాయి, మొదటి బాధ తగ్గుతుంది. మూడు దినములు దాటినా, కొత్త పొక్కులు ఇంకా లేస్తూ ఉంటే, లేక కంటి దగ్గర ఉంటే, వైద్యుడు మందు ఇవ్వవచ్చు. గనుక ఆలస్యమైంది గదా అని ఇంటనే ఉండిపోకండి.

ఈ మూడు దినములను మనము ఎక్కడ పోగొట్టుకొంటాము? మన ప్రాంతములో అక్కి వస్తే కుమ్మరి ఇంటికి తీసికొనిపోయి ఎర్రకావితో "అక్కి వ్రాయించే" ఆచారము ఉన్నది. కొందరు ఆకు పసరు పూస్తారు, కొందరు మంత్రము వేయిస్తారు. క్రైస్తవ కుటుంబములు కూడ పొరుగువారి మాట విని వెళ్లుట కలదు. కావి వ్రాసిన తరువాత రెండు మూడు వారములలో పొక్కులు మానుతాయి. "చూడు, తగ్గింది" అంటారు. అయితే ఏమీ వ్రాయకపోయినా చర్మము ఆ రెండు మూడు వారములలోనే మానుతుంది. కావి నరమును చేరదు. చర్మము క్రింద కాలుతున్నది నరము. వ్రాసిన ఆ పెద్దమనిషి మోసగాడని నేను అనుట లేదు. అతడు తన తండ్రి దగ్గర నేర్చుకున్నది చేస్తున్నాడు. పచ్చి పొక్కుల మీద మట్టి, పసరు పూస్తే చీము పట్టే భయము ఉన్నది. అన్నిటికంటె గొప్ప నష్టము ఏమంటే, ఆ మూడు దినములు తిరిగి రావు.

అలాగే, "ఆదివారము వరకు చూద్దాము, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసిన తరువాత వెళ్దాము" అని ఆగేవారు ఉన్నారు. పాస్టరుగారికి కబురు పంపండి, ఆసుపత్రికి బయలుదేరండి. ప్రార్థన బస్సులో కూడ చేయవచ్చు. 2022 నుండి తిరువళ్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. తిరుత్తణిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. పళ్లిపట్టు, పొదటూరుపేట మగ్గాల దగ్గర ఉన్న కుటుంబము కూడ ఒక్క దినపు కూలి వదులుకొంటే చేరగలిగినంత దూరమే.

5. ఇది పాపఫలమా? అంటువ్యాధియా?

యోబు దేహమంతటా కురుపులు లేచినప్పుడు అతని స్నేహితులు అతనిలో దాచిన పాపమును వెదికారు. దేవుడు వారిమీద కోపపడ్డాడు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, వీడు పాపము చేశాడా, వీని తలిదండ్రులా అని అడిగారు. ప్రభువు రెండింటినీ త్రోసివేశాడు. చర్మము మీద కనబడే రోగమునకు మనుష్యులు కారణము కల్పించుట ఈనాటిది కాదు. సర్పి వచ్చిన విశ్వాసిని చూచి "ఏదో మ్రొక్కుబడి మరచిపోయాడు", "నాగదోషము" అనే మాటలు మన నోట రాకూడదు.

సర్పి నడుము చుట్టూ తిరిగి రెండు కొనలు కలిస్తే మనిషి బ్రదుకడనే భయము కూడ జనములో ఉన్నది. ఒక నరము ఒక ప్రక్కకే చెందినదని పైన చూచాము. గనుక ఆ భయమునకు ఆధారము లేదు. అయితే పొక్కులు రెండు ప్రక్కలా, లేక శరీరమంతటా లేస్తే రోగనిరోధక శక్తి బాగుగా తగ్గిందని అర్థము. అప్పుడు ఆసుపత్రిలో చేర్చవలసి రావచ్చు.

అంటుతుందా అని చాలామంది అడుగుతారు. ఒకరి సర్పి మరియొకరికి సర్పిగా అంటదు. కాని పొక్కుల నీటిలో వైరసు ఉంటుంది. ఆటలమ్మ ఎన్నడూ రానివారికి, దాని టీకా వేయించుకొననివారికి ఆ నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. అందువలన పొక్కులను శుభ్రమైన పలుచని బట్టతో కప్పాలి, చేతులు సబ్బుతో కడుగుకోవాలి. చెక్కు కట్టేవరకు గర్భిణులకు, పసిబిడ్డలకు, క్యాన్సరు వైద్యములో ఉన్నవారికి దూరముగా ఉండాలి. అంతే. వేరే పళ్లెము, వేరే గది, వాకిట మంచము అవసరము లేదు. చెక్కులన్నీ ఎండిన తరువాత ఆమెను ఆరాధనలో తన పాత చోటనే కూర్చుండనివ్వండి.

6. టీకా ఉన్నది

ఇప్పుడు ఈ పాఠములోని ముఖ్యమైన భాగము. ఈ రోగము రాకుండ కాపాడే టీకా ఉన్నది.

మొదటి సర్పి టీకా 2006లో అమెరికాలో వచ్చింది. బలము తగ్గించిన సజీవ వైరసుతో చేసినది. అది సుమారు సగము మందిని మాత్రమే కాపాడింది. రోగనిరోధక శక్తి బాగుగా తగ్గినవారికి సజీవ వైరసు ఇవ్వరాదు గనుక, ఎక్కువ అవసరమున్నవారికే అది పనికిరాలేదు. 2020లో అక్కడ దాని అమ్మకము ఆపివేశారు.

రెండవది షింగ్రిక్స్. 2017లో అమెరికాలో అనుమతి పొందింది. 2023లో మన దేశములో యాబది ఏండ్లు దాటినవారికొరకు విడుదలయింది. దీనిలో సజీవ వైరసు లేదు. వైరసు పైపొరలోని ఒక మాంసకృత్తును, రోగనిరోధక శక్తిని గట్టిగా తట్టిలేపే మరియొక పదార్థమును కలిపి చేశారు. భుజములో సూదిగా, రెండు నుండి ఆరు నెలల ఎడముతో రెండు డోసులు వేస్తారు.

ఇది పనిచేస్తుందని ఎలా తెలుసు? యాబది దాటిన 15,411 మందిని పదునెనిమిది దేశములలో రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు టీకా, మరియొక గుంపుకు మందులేని సూది. ఎవరికి ఏది వేశారో వారికి తెలియదు. మూడేండ్లకు పైగా చూచారు. మందులేని సూది గుంపులో 210 మందికి సర్పి వచ్చింది. టీకా గుంపులో ఆరుగురికి మాత్రమే. 2015లో ఈ ఫలితము ప్రచురించారు. డెబ్బది దాటినవారిలో కూడ నూటికి సుమారు తొంబది పాళ్లు రక్షణ కనబడింది. పదకొండు సంవత్సరముల వరకు గమనించినప్పుడు రక్షణ కొంత తగ్గినా చాలవరకు నిలిచియున్నది.

టీకాలను ఇలా పరీక్షించుట మన నేలకు కొత్త కాదు. క్షయకు వేసే బి.సి.జి. టీకా మీద లోకములోని మిక్కిలి పెద్ద పరీక్ష ఒకటి 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, మన తిరువళ్లూరు చుట్టుప్రక్కల గ్రామములలోనే మొదలయింది. రెండున్నర లక్షలమందికి పైగా దానిలో చేరారు. మన పెద్దలలో కొందరి చేతులకు ఆ సూది పడియుండవచ్చు. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. ఆ సంగతిని దాచలేదు. పదునైదేండ్లు గమనించి, 1999లో పూర్తి ఫలితమును ప్రకటించారు. పసిబిడ్డలకు వచ్చే తీవ్రమైన క్షయ నుండి అది కాపాడుతుంది గనుక నేటికీ పుట్టిన బిడ్డలకు వేస్తున్నారు. సరిగా జరిపిన పరీక్ష పనిచేయనిదానిని పనిచేయదని చెప్పగలదు. గనుకనే, పనిచేస్తుందని చెప్పినప్పుడు నమ్మదగినదవుతుంది.

టీకా వేసిన తరువాత భుజము నొప్పి, ఒళ్లు నొప్పులు, అలసట, కొందరికి చలిజ్వరము వస్తాయి. ఒకటి రెండు, ఎక్కువైతే మూడు దినములలో తగ్గుతాయి. మరుసటి దినము పొలము పని, మగ్గము పని పెట్టుకొనకండి. దీనికి భయపడి రెండవ డోసు మానవద్దు. ఒక్క డోసుతో రక్షణ పూర్తి కాదు. చాలా అరుదుగా నరముల బలహీనత వచ్చినట్లు అమెరికా అధికారులు 2021లో హెచ్చరిక చేర్చారు. మొదటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు రెండవది వేయించుకొనరాదు. జ్వరముగా ఉన్నప్పుడు, సర్పి లేచియున్నప్పుడు వేయరు; తగ్గిన తరువాత వేస్తారు. సర్పి ఒకసారి వచ్చినవారు కూడ వేయించుకొనవచ్చు. లేచిన సర్పిని ఈ టీకా నయము చేయదు. రాబోయేదానిని ఆపుటకే అది.

7. రోగనిరోధక శక్తి తగ్గినవారు

వయస్సుతో పాటు మరికొన్ని కారణములు కావలిని సడలిస్తాయి. క్యాన్సరుకు కీమోథెరపీ తీసికొంటున్నవారు, మూత్రపిండము మార్పిడి చేసికొన్నవారు, కీళ్లవాతమునకో ఉబ్బసమునకో చాలాకాలముగా స్టెరాయిడ్లు మ్రింగేవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు వీరిలో చేరుతారు. వీరికి చిన్న వయస్సులోనే సర్పి రావచ్చు. వచ్చినప్పుడు తీవ్రముగా ఉండవచ్చు. షుగరు వ్యాధి ఉన్నవారికి కూడ అపాయము ఎక్కువే. 2023లో ప్రచురించిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము మన దేశములో పెద్దవారిలో నూటికి పదకొండు మందికి పైగా షుగరు ఉన్నది. మన ఆరాధనలో ప్రతి బల్ల మీద ఒకరు ఉన్నారని లెక్క.

అమెరికాలో 2021 నుండి, రోగనిరోధక శక్తి తగ్గిన 19 ఏండ్లు దాటినవారికి ఈ టీకాను సిఫారసు చేస్తున్నారు. వీరికి రెండవ డోసు ఒకటి రెండు నెలలకే వేయవచ్చు. రక్షణ మాత్రము ఆరోగ్యవంతులలో ఉన్నంత ఉండదు. తన మూలకణములనే తిరిగి ఎక్కించిన క్యాన్సరు రోగులలో జరిపిన పరీక్షలో అది నూటికి సుమారు 68 పాళ్లు. అది కూడ చిన్న మేలు కాదు. కీమోథెరపీకి, మార్పిడికి ముందే వేయించుకొనుట మంచిది గనుక, ఆ వైద్యము మొదలుపెట్టకముందే మీ వైద్యుని అడగండి.

యౌవనస్థునికి సర్పి వస్తే వైద్యుడు హెచ్.ఐ.వి. పరీక్ష చేయించమనవచ్చు. అది నింద కాదు, జాగ్రత్త. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ గారి బృందము మన దేశములో మొదటిసారిగా హెచ్.ఐ.వి.ని కనుగొన్నది. ఆ తరువాత ఎందరినో రోగముకంటె నింద ఎక్కువగా బాధించింది. పరీక్ష చీటీలో ఏమి ఉన్నదో సంఘము అడుగవలసిన పని లేదు; ఆదరించవలసిన పని ఉన్నది.

8. సంఘము ఏమి చేయగలదు?

ఈ టీకా ప్రభుత్వపు ఉచిత టీకాల పట్టికలో లేదు. ఒక్కొక్క డోసుకు వేల రూపాయలవుతుంది. వృద్ధాప్య పింఛనుతో బ్రదికే విధవరాలికి "టీకా వేయించుకో అమ్మా" అని చెప్పి మనము ఇంటికి పోతే, ఆకలిగొన్నవానికి సమాధానముగా పొమ్మని చెప్పినట్లే. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము అటువంటి విశ్వాసమును గూర్చి ఏమి చెప్పిందో మీకు తెలుసు.

గనుక ఈ క్రింది సంగతులు ఆలోచించండి.

మొదటిది, పిల్లలు. మీ తలిదండ్రులకు క్రిస్మస్‌కు చీర, పంచె పెడతారు. ఒక సంవత్సరము దానికి బదులుగా ఈ రెండు డోసులు ఇవ్వండి. దుబాయిలో, అమెరికాలో ఉన్న కుమారులకు, కుమార్తెలకు ఈ పాఠము చదివి వినిపించండి.

రెండవది, సంఘపు ధర్మనిధి. దిక్కులేని పెద్దలలో అపాయము ఎక్కువగా ఉన్నవారిని వైద్యుని సలహాతో ఎన్నుకొని, సంవత్సరమునకు ఒకరికో ఇద్దరికో వేయించినా చాలును.

మూడవది, డబ్బు లేనివారు నిరాశపడవద్దు. టీకా కొనలేకపోయినా మూడు దినముల మాట ఉచితము. ప్రతి ఇంటిలో ఒక యౌవనస్థునికి ఈ గుర్తులు నేర్పండి: ఒక ప్రక్క మంట, తరువాత గుంపుగా పొక్కులు, వెంటనే ఆసుపత్రి. కంటి దగ్గర అయితే ఆ గంటనే.

నాలుగవది, నొప్పి మిగిలిపోయినవారు. స్త్రీల సమాజమువారు దర్శించేటప్పుడు "ఇంకా తగ్గలేదా?" అని అడుగకుండ, "రాత్రి నిద్ర పట్టిందా అవ్వా?" అని అడగండి. ఆమె పని కొంత చేసిపెట్టండి. ఒకరి భారమును ఒకరు మోయుట అంటే ఇదే.

ఎదురులేని రాజు హిజ్కియాకు కూడ పుండు మీద ముద్ద వేసే చేయి ఒకటి కావలసి వచ్చింది. మన అవ్వలకు, తాతలకు ఆ చేయి మనమే.

చర్చించుటకు ప్రశ్నలు

1. యెషయా వాగ్దానము ఇచ్చిన తరువాత కూడ అంజూరపు ముద్ద ఎందుకు వేయించాడు? ప్రార్థన, వైద్యము ఒకదానికొకటి విరోధమని మనలో ఎవరికైనా అనిపించినదా?
2. మీ ఇంటిలో సర్పి వచ్చినవారు ఉన్నారా? పొక్కులు లేచిన ఎన్ని దినములకు వైద్యుని చూచారు? ఆ ఆలస్యమునకు కారణమేమి?
3. పొక్కులు ఏ చోట లేస్తే ఒక్క దినము కూడ ఆగరాదు?
4. రోగమును పాపఫలముగా మాటలాడిన సందర్భము మన సంఘములో జరిగినదా? యోహాను 9 దానిని ఎలా సరిదిద్దుతుంది?
5. మన సంఘములో యాబది దాటినవారు, షుగరు, క్యాన్సరు మొదలైనవి ఉన్నవారు ఎందరు? వారికొరకు ఈ సంవత్సరము మనము చేయగల ఒక పని ఏది?

ప్రార్థన: హిజ్కియా కన్నీళ్లు చూచిన దేవా, రాత్రులు నిద్రలేక మంటతో మూలిగే మా పెద్దలను జ్ఞాపకము చేసికొనుము. వైద్యులకు జ్ఞానము, మాకు త్వరపడే మనస్సు, పొరుగువాని కొరకు విప్పే చేయి దయచేయుము. యేసు నామమున వేడుకొంటున్నాము. ఆమేన్.